కొత్త డాస్ వేశాక మూగబోయిన ప్రింటర్

ఈ రోజు పొద్దున మా కాలేజీ కంప్యూటర్‌లో దాన్ని నడిపే డాస్ ప్రోగ్రాం కొత్తది ఎక్కించాను. అంతే, ప్రింటర్ పలకడం మానేసింది. రేపటి పరీక్షకు హాల్ టికెట్లు అందులోంచే రావాలి. మడకశిర నుంచి వచ్చిన అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

“అన్నా, ఆఖరి బస్సు పోతాది. టికెట్టు లేకుంటే రాయనిస్తారా?”

“వస్తాదిలేమ్మా, కూర్చో” అన్నాను. ప్రింటర్‌ను నడిపే ఫైలు పాత ఫ్లాపీలోనే ఉండిపోయిందని అప్పుడు తట్టింది. ఫ్లాపీ నిండా దుమ్ము. చదవకపోతే ఇక దిక్కులేదు. తుడిచి డ్రైవ్‌లో పెడితే గరగరమని చాలాసేపు తిరిగింది. ఫైలు ఎక్కించి మళ్లీ స్విచ్ వేశాక ప్రింటర్ కీచుమంటూ కదిలింది. ఆ అమ్మాయి టికెట్టు అందుకుని బస్సుకు పరుగెత్తింది.

సగం టికెట్లు ఇంకా మిగిలే ఉన్నాయి, రేపు పొద్దున్నే తీయాలి. మిషన్ ఆపితే మళ్లీ పలకదేమోనని భయమేసి ఆన్‌లోనే వదిలి ఇంటికి వచ్చాను. ఇప్పుడే ఊరంతా కరెంటు పోయింది. మీరైతే ఈ రాత్రి నిద్రపోతారా?