బాబామియా ఏడో నంబరు రాయి

మా బాబామియా చిచ్చాకు ఒకటే పిచ్చి: వాగులో రాళ్లకు నంబర్లు వేయడం.

ఆయన పని గోడలకు రంగులేయడం. మిగిలిన రంగంతా వాగు పాలే. ఎండాకాలంలో ఒడ్డు నుంచి ఒడ్డుదాకా రాళ్లు వరుసగా పేర్చి, నిమ్మకాయంత దానికి ఒకటి, రోలంత దానికి పదకొండు అని రాసేవాడు. వరద తగ్గగానే లుంగీ ఎగ్గట్టి, ఏది ఎంత దూరం పోయిందో అడుగులేసి కొలిచేవాడు.

పెండ్లిపందిట్లో కలిసినా అదే ముచ్చట. మూడో నంబరు పెద్దరాయి చాటున దాక్కుందనీ, ఏడో నంబరు మాత్రం ఒక్కకాడ ఉండదనీ చెప్పుకొచ్చేవాడు. ఆయన భార్య లతీఫా బేగం నిట్టూర్చేది: "మా దర్వాజాకు పదేండ్లాయె రంగు లేక. నేను రాయినన్న కాకపోతి."

సకల జనుల సమ్మె ఏడాది నినాదాలు రాయగా గులాబీ రంగు మిగిలింది. రాళ్లన్నీ గులాబీ అయ్యాయి. ఒక పోలీసాయన చూసి, ఎవరి మీద విసరడానికని గద్దించాడు.

"నేను విసర సారూ. వాగే విసురుతది," అన్నాడు చిచ్చా.

ఆ సమ్మె రోజుల్లోనే వాగుకు రెండు రోజులు వరదొచ్చి, మూడోనాడు పొద్దున తగ్గింది. అదే పొద్దున తండాలో లచ్చిరాం కోడలు కమ్లీకి నొప్పులు మొదలయ్యాయి. సమ్మెతో బస్సుల్లేవు, అంబులెన్సు వాగు దాటి రాదు. మానుకోట దవాఖానకు నా ట్రాక్టరే దిక్కు. ట్రాలీలో గడ్డి పరిచి పడుకోబెట్టాం.

మేమెప్పుడూ దాటే చోట, ఈ ఒడ్డుకొకటి ఆ ఒడ్డుకొకటి సున్నం పూసిన రాళ్లుంటాయి. మోకాలిలోతే అనిపించింది. కురవి వీరభద్రుణ్ణి తలుచుకుని దించబోతుంటే చిచ్చా అడ్డం నిలబడ్డాడు.

"గిక్కడ దిగకు జగపతీ. పదకొండు పోయింది."

"గిప్పుడు రాళ్ల ముచ్చటా చిచ్చా?"

"ఆరేండ్ల నుంచి కదలని రాయిరా. మలుపుకాడ దొరికింది. గంత రాయే పోయిందంటే, దాని కింద గులక ఉంటదా?"

ట్రాలీలోంచి కమ్లీ అరిచింది. లచ్చిరాం పోనియ్యమన్నాడు. చిచ్చా చేతిలోని గెడ నీళ్లలో దించాడు. నిలువెత్తు గెడ మునిగిపోయింది.

ఎగువన నంబర్లేసిన రాళ్లదే ఇంకో వరుస ఉందట. తెల్లారినప్పటి నుంచి సగందాకా కాళ్లతో తడిమాడట. బిస్మిల్లా అని ముందు దిగాడు. వెనక ట్రాక్టరుతో నేను.

"ఒకటి ఉన్నది... రెండు ఉన్నది..." నీళ్లు ఆయన తొడలదాకా వచ్చాయి. "ఆరు ఉన్నది..."

ఆగాడు. కాలితో వెతికాడు. నేను బ్రేకు తొక్కాను.

"ఏడు మళ్ల పోయింది. జర ఎడమకు తిప్పు."

తిప్పాను. ఆయన వెనకాలే అవతలి ఒడ్డెక్కాం.

మధ్యాహ్నం కమ్లీకి ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి చిచ్చా ఒంటరిగా, చెమటలు కక్కుతూ, సున్నం పూసిన రాయిని కొత్త దారి దగ్గరికి దొర్లిస్తున్నాడు. ఆ రాళ్లు పంచాయతీవాళ్లు పాతించినవని ఇన్నాళ్లూ అనుకున్నాను. బడికి పోయే రోజుల నుంచీ వాటిని చూసుకునే దాటాను. ప్రతి వరద తర్వాతా, ఊరు కదలకముందే ఆయనే నంబర్లు చూసి వాటిని జరిపేవాడట. ఈసారే ఆలస్యమైందని నొచ్చుకున్నాడు.

నేనూ రాయికి చెయ్యేశాను.

"పిల్ల ఎంతున్నది?" అన్నాడు.

"మూడు కిలోలు చిచ్చా."

రెండు చేతులూ చాపి, బరువు తూచినట్టు ఆడించాడు.

"మన ఏడో నంబరంత. ఒక్కకాడ ఉండదు. జర కనిపెట్టుకొని ఉండుమను లచ్చిరాంను."