రేవులో అడిగే మాట

మా ఇంట్లో కుక్కర్ కూత పెట్టడం మానేసింది. దసరా రద్దీ తగ్గిన వారంలో ఈ సంగతి కనిపెట్టాను. హాల్లో కూర్చుని నా సర్ఫింగ్ బోర్డు మీది పాత మైనం గీకుతున్నాను. అన్నం ఉడికిన వాసన వచ్చింది, కూత మాత్రం రాలేదు. మా ఆవిడను అడిగితే వచ్చిందండీ అంది. రాలేదన్నాను. ఆమె నా ముఖంలోకి ఒక క్షణం చూసి, అయితే గాస్కెట్ పోయిందేమో అంది. ఆ చూపు నాకు నచ్చలేదు. సాయంత్రం వన్‌టౌన్ వెళ్లి కొత్త గాస్కెట్, కొత్త వెయిట్ తెచ్చి నేనే బిగించాను. మర్నాడు కూడా అంతే. నాకు తెలియకుండా ఈ ఇంట్లో ఏదో జరుగుతోందని అప్పుడే అనిపించింది.

నా వృత్తి అలలు ఎక్కడం. తాటిచెట్టుకు మించి లేచే అల మీద బోర్డు వేసుకుని నిలబడతాను. భూములు పోయి, పామర్రు దగ్గరి మా మేడ పెళ్లిళ్ల హాలుగా మారాక ఓడ ఉద్యోగానికి వెళ్లాను. పై అధికారి కేకలు పడలేక ఒక పరాయి దేశపు రేవులో దిగిపోయాను. అక్కడ ఈ పని చూశాను, నేర్చుకున్నాను. నా బోర్డు మీద తమ పేరు వేయించుకున్న కంపెనీలు ఇన్నేళ్లూ నన్ను పోషించాయి. ఇప్పుడు షష్టిపూర్తి దగ్గరపడింది. నడుము సరిగా వంగదు. మా ఇంటి మగవాళ్లకు వంగే అలవాటు ముందునుంచీ లేదు కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలియదు.

మిగతా ఏడాదంతా విజయవాడలోనే. తెల్లవారగానే బందరు కాలువ గట్టున ఊపిరి బిగబట్టి ఒక దీపస్తంభం నుంచి మరో స్తంభం దాకా నడుస్తాను. వచ్చి రాగిజావ తాగుతాను. మధ్యాహ్నం ఈత కొలనులో అడుగున కూర్చుంటాను. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇప్పటికీ నా బోర్డును పడవ చెక్క అంటాడు. చలికాలం రాగానే దాన్ని ఆటో పైన కట్టించుకుని గన్నవరం వెళ్లి ఆ పరాయి దేశపు తీరానికి విమానం ఎక్కుతాను. ఆ ప్రయాణం కోసమే మిగతా నెలలన్నీ.

ఆ ప్రయాణం నా ఒక్కడి చేతుల్లో లేదు. అంత పెద్ద అలను ఈదుకుంటూ అందుకోలేం. జెట్ స్కీ అనే నీటి మోటారుబండి మీద ఒకరు తాడుతో లాగి వదలాలి, పడితే వచ్చి ఎత్తుకోవాలి. నాకు మొదటినుంచీ ఆ మనిషి ఒకడే. పంజా సెంటర్ వాడు, ఏటి ఒడ్డున షెడ్డులో టూరిస్టు పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. నన్ను దొరా అంటాడు. మా తాతగారిని ఊరంతా గౌరవంగా అలాగే పిలిచేది, వీడు ఎగతాళికి పిలుస్తాడు. నేను పలుకుతాను.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. టికెట్లు తీసుకునే ముందు కృష్ణలో చీలమండల దాకా దిగి నిలబడి, వస్తావా అని నేను అడగాలి. వస్తా అని వాడు అనాలి. ఫోన్లో అన్నది చెల్లదు, ఇంట్లో టీ తాగుతూ అన్నది చెల్లదు. పడినవాణ్ని తేవడానికి వాడు రెండు అలల మధ్యకు రావాలి. అంటే అడుగుతున్నది వాడి ప్రాణం. ఆ మాట రేవులోనే అడగాలని మా నియమం.

ఈసారి అడుగుదామంటే వాడు రేవుకే రావడం లేదు. ఒకరోజు ఇంజన్ విప్పి ఉందన్నాడు, ఇంకోరోజు మేనకోడలి నిశ్చితార్థం అన్నాడు. విశాఖ నుంచి ఒకడు, ముప్పై ఏళ్లవాడు, ఈ మధ్య అలల పోటీల్లో పేరు తెచ్చుకుంటున్నాడు. వాణ్ని షెడ్డులో చూశాను. నేను వెళ్లేసరికి ఇద్దరి పెదాలూ కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. నన్ను చూసి గొంతు తగ్గించారని తెలిసిపోయింది. నా చోట్లో వాణ్ని తీసుకెళ్లే బేరం నడుస్తోందని అప్పుడే రూఢి చేసుకున్నాను.

ఇంట్లోనూ అదే వరస. మా ఆవిడ గుణదల పిల్ల, నర్సుగా రిటైరైంది, రోగుల్ని గదమాయించిన గొంతు. అలాంటి మనిషి ఫోన్ మోగితే బాల్కనీలోకి వెళుతోంది. తలుపు తీసే ఉంటుంది, అయినా ఒక్క ముక్క వినపడదు. ఎవరంటే, మీ స్నేహితుడేనండీ అంటుంది. నా స్నేహితుడికి ఆమెతో ఏం పని? అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఊరు కూడా మారిపోయిందనిపించింది. ఆటోవాళ్లు హారన్ కొట్టడం మానేసి మీదికి వచ్చేస్తున్నారు. ఏలూరు రోడ్డులో ఒకడు త్రుటిలో తప్పించి, తల బయటపెట్టి నన్నే ఏదో అన్నాడు. మర్యాద పోయిందనుకున్నాను.

ఆఖరికి ఒక ఉదయం చెప్పకుండా షెడ్డుకు వెళ్లి, ఇవాళ రేవులో దిగుతున్నామన్నాను. వాడు చేతులు తుడుచుకుని, ముందు ఈల పరీక్ష చేద్దాం, తర్వాత అడుగు అన్నాడు. ఇన్నేళ్లలో పరీక్ష ఎప్పుడూ ముందు లేదు. తప్పించుకోవడానికి వంక వెతుక్కుంటున్నాడనుకుని సరేనన్నాను.

ఈల సంగతి ఇది. అల విరిగాక సముద్రం మీద మనిషి ఎత్తు నురగ ఉంటుంది. పైకి తేలినవాడికి ఏమీ కనపడదు. జెట్ స్కీ ఎటు ఉందో ఈలతో చెబుతారు. వినపడిన వైపు చెయ్యి ఎత్తితే అటునుంచే వచ్చి అందుకుంటారు. తప్పు వైపు ఎత్తితే తర్వాతి అల ఇద్దరి మీదా విరుగుతుంది.

బ్యారేజీకి పైన నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. మునిగాను. ఊపిరి అయిపోయేదాకా ఉండి పైకి వచ్చి, నురగలో ఉన్నట్టే కళ్లు మూసుకున్నాను. ఈల కోసం చూశాను. రాలేదు. ఇంకాసేపు చూశాను. నన్ను ఓడించడానికే ఊదడం లేదని నిశ్చయించుకుని కళ్లు తెరిచాను.

ఎదురుగా రేవు మెట్ల మీద బట్టలు ఉతికేవాళ్లు, స్నానానికి వచ్చినవాళ్లు అందరూ నా ఎడమ భుజం మీదుగా ఒకే చోటికి చూస్తున్నారు. ఒకామె చంకలోని బిడ్డ చెవి అరచేత్తో మూసింది. వెనక్కి తిరిగాను. వాడు షెడ్డులోని జెట్ స్కీ మీద, వీధి వెడల్పంత దూరంలోనే ఉన్నాడు. ఈల నోట్లోనే ఉంది. నన్ను చూస్తూనే మళ్లీ ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి. అంతే.

బండి దగ్గరికి తెచ్చి నాకు ఎదురుగా ఆపాడు.

"గాలి అటు వీస్తోంది," అన్నాను.

"ఆకు కదలట్లేదు దొరా."

"ఎప్పటినుంచి తెలుసు?"

"పోయిన చలికాలం. ఆఖరి అలకి చెయ్యి తప్పు వైపు ఎత్తావు. లోపలికొచ్చి ఏరుకొచ్చా. వదినకి చెప్పా. నీకు చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు."

చన్నీళ్ల సముద్రంలో ఏళ్లు గడిపినవాళ్లకు చెవి దారిలో ఎముక పెరిగి మూసుకుపోతుంది. నాకు తెలియనిది కాదు. పాతకాలం సర్ఫర్లు రేవు హోటళ్లలో ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే నవ్వినవాణ్నే. నా చెవులు బరువెక్కితే మాత్రం కొలను నీళ్లు దిగాయనుకుని తల వంచి ఒంటికాలి మీద గెంతాను. ఆ ఎముకను డాక్టర్లు తొలుస్తారు. తొలిచాక మళ్లీ అదే నీళ్లలో దిగితే మళ్లీ పెరుగుతుంది.

వాడు ఇంకేదో అనబోయాడు. రాను అనే మాట పెదాల మీదికి రావడం చూశాను. మా తాతగారు సొసైటీ ప్రెసిడెంటు ఎన్నికల్లో ఓడిపోతారని తెలిసిన పూటే, ఆరోగ్యం బాగాలేదు, నిలబడటం లేదని కబురు పంపేశారు. ఎదుటివాడు కాదనేలోపే మేమే కాదనడం మా ఇంటి అలవాటు.

"ఈ ఏడు నేను రావడం లేదు," అన్నాను. "నువ్వు ఇంకెవరినైనా చూసుకో."

వాడు నాకు కనపడేలా ముఖం తిప్పి అన్నాడు.

"నువ్వు రాకపోతే నేనూ వెళ్లను."

అంత తేలిగ్గా అన్న మాటను నేను నమ్మలేదు.

ఆ రాత్రి మా ఆవిడ బాల్కనీలోకి వెళ్లకుండా నా ఎదురుగానే కూర్చుని ఫోన్ మాట్లాడింది. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళదామండీ అని అడిగింది. చూద్దాం అన్నాను. ఇప్పుడు కుక్కర్ పెట్టినప్పుడు నేనే స్టవ్ ముందు నిలబడి, వెయిట్ లేచి ఆవిరి చిమ్మడం కళ్లతో చూసి ఆపుతాను. మొదట్లో ఒకటి రెండుసార్లు అన్నం ముద్దయింది. ఆమె ఏమీ అనలేదు. అనలేదో, అన్నా నాకు వినపడలేదో.

డిసెంబర్ వచ్చింది. ఉత్తర సముద్రంలో తుఫాను లేచిందని ఫోన్లో మ్యాపు చెబుతూనే ఉంది. ఆ తీరంలో అలలు ఎంత లేస్తాయో చూడకుండానే చెప్పగలను. బోర్డు మంచం వెనక నిలబడి ఉంది. పాల ప్యాకెట్ వంకతో రోజూ పొద్దున్నే ఏటి ఒడ్డు దాకా వెళుతున్నాను. మా వీధి చివరే పాలు దొరుకుతాయి. షెడ్డు ముందు నుంచి, ఆగకుండా, నిటారుగా నడుస్తూ లోపలికి ఒక చూపు వేస్తాను. విశాఖవాడి బోర్డు ఎక్కడైనా ఆనించి ఉందేమోనని. వీడి బ్యాగు సర్ది ఉందేమోనని.

మొన్న వాడు ఇంజన్లోకి తల దూర్చి పని చేసుకుంటున్నాడు. వీపు నాకేసి ఉంది. తల ఎత్తకుండానే ఏదో అన్నట్టున్నాడు, భుజాలు కదిలాయి. నేను నడుస్తూనే ఉన్నాను. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, లేచి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"ఇక్కడే ఉన్నా దొరా. రేపూ ఉంటా. ఎండెక్కితే పాలు విరిగిపోతాయి, ఇంటికెళ్లు."

పాలకే వచ్చానన్నాను. అవును, పాలకే అన్నాడు.

మర్నాడు మళ్లీ వెళ్లాను.