రంగం పారమ్మకు నేను పెట్టిన పత్యం

అది యాభై నాలుగో సంవత్సరం, శివరాత్రి వెళ్ళిన వారం. చోడవరంలో నేను ఆయాగా చేసిన ఆసుపత్రి చిన్నది. ఆడవాళ్ళ వార్డులో నాలుగు ఇనప మంచాలు, ఒక కిటికీ. కిటికీలోంచి చూస్తే బెల్లం బళ్ళు అనకాపల్లి వైపు పోతూ కనిపించేవి. నా పేరు వరాలు. నాకప్పటికి ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడు పోయి ఎనిమిదేళ్ళు. చదువు లేదు, సంతకం ఒక్కటే నేర్చుకున్నాను. నేను చెబుతుంటే వేరేవాళ్ళు రాస్తున్నారు. మాట ముందూ వెనకా అయితే ఏమీ అనుకోకండి.

ఆయా పని అంటే బెడ్‌పాన్ ఎత్తడమే అనుకుంటారు చాలామంది. పడుకున్న మనిషి కింద పెట్టే పళ్ళెం అది. అదీ చేశాను. మొహం చిట్లించకుండా దాన్ని ఎత్తడం కూడా ఒక విద్యే. కానీ పొద్దున్నే మొదటి పని గేజు అనే పల్చటి గుడ్డ ముక్కలు మడిచి, డ్రమ్ములో పెట్టి ఆవిరికి ఉడికించడం. నర్సమ్మగారు పుండు కడిగి ఆ గుడ్డతో కట్టు కట్టేవారు. దాన్నే డ్రెస్సింగు అంటారు. ఆవిడ కడుగుతున్నంత సేపూ రోగి చేయి నా చేతిలో ఉండేది. ఎవరికి ఎంత నొప్పో నా వేళ్ళకు తెలిసిపోయేది.

పారమ్మను దేవరాపల్లి దగ్గరి పల్లె నుంచి మేనల్లుడు ఎద్దుబండి మీద తెచ్చి దింపాడు. యాభై దాటిన మనిషి. విశాఖపట్నంలో ఆపరేషను చేసి గర్భసంచి తీశారు. ఇంటికొచ్చిన మూడో రోజే ఎవరూ లేరని నీళ్ళబిందె తనే ఎత్తుకుంది. కుట్ల దగ్గర బెత్తెడు మేర విచ్చుకుంది. మానేదాకా రోజూ డ్రెస్సింగు చెయ్యాలన్నారు డాక్టరుగారు.

మొదటి రోజు కట్టు విప్పుతుంటే నా చేయి పట్టుకుని ఒకటే మాట అడిగింది.

"ఉగాదికల్లా మానిపోద్దా?"

"ఏటప్పా అంత తొందర? కోతలున్నాయా?"

"ఓడెక్కాలే. రంగం ఎల్లాలి."

మా వైపు అక్కను అప్ప అంటాం, రంగూనును రంగం అంటాం. బతకడానికి అక్కడికి పోయి తిరిగొచ్చినవాళ్ళకు ఇక అదే ఇంటిపేరు. పారమ్మ పెళ్ళయిన కొత్తలో వెళ్ళింది. మొగుడు అక్కడి బియ్యం మిల్లులో పనిచేసి అక్కడే పోయాడు. యుద్ధంలో ఆ ఊరి మీద బాంబులు పడ్డప్పుడు అందరితో పాటు కొండలూ అడవులూ నడిచి ప్రాణాలతో వచ్చింది. ఇప్పుడు మళ్ళీ వెళ్తానంటోంది. ఎందుకంటే పువ్వులు చూడ్డానికట.

నాకు నవ్వొచ్చింది. "పువ్వులకేటప్పా సముద్రం దాటడం? మా సీడికాడ ఊరి కొండల్లో కావలసినన్ని."

"నువ్వు సూసిన పువ్వు కాదిది. పడౌకు అంటారు. ఏడాదంతా ఆ సెట్టు ఊరికే నిల్సుంటాది. సైత్రంలో ఒక వాన పడిందా, తెల్లారేసరికి ఊళ్ళో ఉన్న సెట్లన్నీ ఒకే పాలి పూసేస్తాయి. పసుప్పచ్చగా. సాయంత్రానికి రాలిపోతాయి. ఒక్క రోజేనే దాని బతుకు."

"ఒక్క రోజుకా?"

"మీ సీడికాడ పువ్వులు నెల్లాళ్ళుంటాయి గదా. ఎప్పుడన్నా తల్లో ఎట్టుకున్నావా?"

నా నవ్వు ఆగిపోయింది. మొగుడు పోయినవాళ్ళం ఇద్దరమూ.

అప్పుడు చెప్పింది. రంగంలో పక్కింట్లో మాటిన్ అని బర్మా ఆవిడ ఉండేదట. ఆవిడకూ మొగుడు లేడు. "మా ఆయన పోయిన ఏడు, ఆ పువ్వుల నాడు నేను తలుపేసుక్కూకున్నాను. మాటిన్ తలుపు తోసుకుని వచ్చీసింది. ఒక మండ తను ఎట్టుకుని, ఒక మండ నా కొప్పులో గుచ్చీసింది. ఈదిలోకి ఈడ్చుకుపోయింది. అక్కడ ఆళ్ళ ఉగాదని అందరూ నీళ్ళు సల్లుకుంటన్నారు. ఎవులూ నన్నేటీ అన్లేదే వరాలూ. ఒక్కళ్ళూ అన్లేదు."

పెట్టెలోంచి ఒక ఉత్తరం తీసింది. అక్కడ మిగిలిపోయిన తెలుగు దుకాణదారు ఒకాయన మాటిన్ చెబితే రాసింది. నర్సమ్మగారు మాకు చదివి వినిపించారు. ఈ ఏడాది పూలు చూశాక మాటిన్ ఇల్లు ఖాళీ చేసి, ఎక్కడో ఉత్తరాన కొడుకు ఊరికి వెళ్ళిపోతుందట. 'రాగలిగితే ఈ ఏడే రా' అని ఉంది.

ఓడ ఉగాది వెళ్ళిన నాలుగో రోజున విశాఖపట్నం రేవులో ఆగుతుంది. కాగితాలన్నీ ఉన్నాయి. మానని పుండుతో ఓడ ఎక్కనివ్వరు కాబట్టి డాక్టరు రాసిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఒక్కటే కావాలి. ఈ మనిషి ప్రయాణానికి తగి ఉంది అనే చీటీ అది. "బాగా తిని, కండ పడితే రాసిస్తాను," అన్నారు డాక్టరుగారు.

ఆ మూడు వారాలూ ఆ మంచం మీద ప్రయాణమే జరిగింది. మాటిన్‌కు పొందూరు బట్ట, అచ్చు బెల్లం, కొత్త చింతపండు. ఏది పెట్టె అడుగున పెట్టాలి, ఏది పైన పెట్టాలి అని రోజుకో తీరుగా సర్దించేది నాచేత. ఓడ మెట్లు ఎక్కడం అలవాటవ్వాలని వరండాకున్న మూడు మెట్లూ మోచెయ్యి పట్టుకుని ఎక్కించమనేది. మూడో మెట్టు మీద నిలబడి, కట్టు మీద చెయ్యి వేసుకుని, "అదిగో సముద్రం," అనేది. ఎదురుగా మా గుడ్డలారేసిన తీగ. డ్యూటీ అయ్యాక కూడా నేను ఇంటికి పోయేదాన్ని కాదు. ఇంట్లో నాకోసం ఎదురుచూసేది పొదుగు మీదున్న ఒక కోడిపెట్ట. అంతే.

ఇక నా తప్పు చెప్పాలి.

ఆసుపత్రి ఇచ్చేది పాలూ రొట్టే. మిగతా తిండి ఇంటి నుంచి రావాలి. పారమ్మకు వండేవాళ్ళు లేరు కాబట్టి మేనల్లుడు బియ్యం, కందిపప్పు, ఒక బుట్టెడు గుడ్లు నాకు అప్పగించి వెళ్ళాడు. డాక్టరుగారు నన్ను పిలిచి మరీ చెప్పారు. "రోజూ పప్పు, రోజూ గుడ్డు. మరిచిపోకు."

"అలాగే బాబూ," అన్నాను. ఒక్క రోజూ పెట్టలేదు.

మా వైపు పుండు ఉన్న మనిషికి పప్పు పెట్టరు. పెడితే చీము పడుతుందంటారు. గుడ్డూ అంతే. అది నాకు విన్న మాట ఒక్కటే కాదు. మా ఆయన చెరకు కొడుతుంటే కత్తి జారి పాదం తెగింది. కట్టు కట్టి కూర్చోబెట్టి, ఆకలన్నాడని పప్పన్నం కలిపి పెట్టాను. వారానికి దవడలు బిగుసుకుని పోయాడు. శవం వాకిట్లో ఉండగానే మా అత్త అందరూ వినేలా అంది, "పప్పెట్టి సంపీసింది నా కొడుకుని." ఆ ఊళ్ళో ఇక ఉండలేకే నేను చోడవరం వచ్చి ఈ పనిలో చేరాను. ఆనాటి నుంచి నా ఇంట్లో పప్పు ఉడకలేదు.

అందుకని పారమ్మకు చారన్నం, వెల్లుల్లి కారం, ఎండు వడియం. రెండో రోజే అడిగింది.

"డాక్టరు బాబు పప్పు తినమన్నాడు గదే?"

"పెద్ద సదువులోళ్ళు అలాగే సెప్తారప్పా. పుండు మానీదాకా నోరు కట్టుకో. ఓడెక్కాలా వద్దా?"

"ఎక్కాల," అంది. "నువ్వు ఎన్ని పుళ్ళు సూసేవో. నీ మాటే నాకు లెక్క."

ఆ చారన్నమే ఓడ టిక్కెట్టు అన్నట్టు తిన్నది. నర్సమ్మగారు అడిగితే పెట్టేనమ్మా అని అబద్ధం చెప్పాను. గుడ్లు నేను తింటే దొంగతనం, పారేస్తే పాపం. ఏం చెయ్యాలో తోచక నా పెట్ట కింద పొదుగు వేశాను.

ఉగాదికి వారం ముందు డాక్టరుగారు స్వయంగా కట్టు విప్పించి చూశారు. పుండు మానాలంటే అడుగు నుంచి దానిమ్మ గింజల్లా ఎర్రటి కొత్త కండ లేవాలి. దాన్ని గ్రాన్యులేషన్ అంటారు. పారమ్మ పుండు కడిగిన బియ్యంలా తెల్లగా ఉంది. మొదటి రోజు ఎంత ఉందో అంతే ఉంది.

"ఏం తింటున్నావు పారమ్మా?" అన్నారాయన.

పారమ్మ నా వైపు చూసింది. చాలాసేపు కాదు.

"వరాలు అన్నీ ఎడతంది బాబూ."

"పప్పు? గుడ్డు?"

"రోజూ."

ఆయన నర్సమ్మగారితో అన్నారు. "తిండిలో సత్తువ లేనివాళ్ళ పుండు ఇలా ఉంటుంది. పప్పూ గుడ్డూ తింటుంటే కండ ఎందుకు పట్టలేదో నాకు అర్థం కావడం లేదు." తర్వాత పారమ్మతో మెల్లగా చెప్పారు. "ఈ ఓడకు నేను సంతకం పెట్టలేనమ్మా."

ఆవిడ చేయి నా చేతిలోనే ఉంది. నొప్పికి బిగుసుకునే వేళ్ళు తెలుసు నాకు. ఇవి ఒక్కొక్కటే వదులైపోయాయి.

మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి పెట్ట పిల్లలతో వాకిట్లోకి దిగి ఉంది. పదకొండు పిల్లలు. గడప మీద కూలబడి వాటినే చూశాను. పారమ్మ కడుపుకు పట్టాల్సిన కండ నా వాకిట్లో నూకలు ఏరుకుంటోంది.

లేచి పొయ్యి వెలిగించాను. ఎనిమిదేళ్ళ తర్వాత పప్పు ఉడికించాను. పొంగు వస్తుంటే మంట తగ్గించాను. పక్కింట్లో నాలుగు గుడ్లు బదులు తెచ్చి ఉడకబెట్టి గిన్నె మంచం దగ్గర పెట్టాను. పారమ్మ గిన్నెలోకి చూసింది, నన్ను చూడలేదు. గిన్నె ఖాళీ చేసింది. రోజూ పెట్టాను, రోజూ తిన్నది. మాట మాత్రం లేదు. వరండా మెట్లు ఎక్కించమని అడగలేదు. ఓడ వెళ్ళే రోజు గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగు మంచాల వార్డులో నేను అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

పుండు ఎర్రబడింది. పది రోజులకు దానిమ్మ గింజలు లేచాయి. నర్సమ్మగారు సంతోషపడుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఓడ వెళ్ళిన వారానికి మధ్యాహ్నం పూట ఉరుములతో వాన పడింది. పారమ్మ కిటికీ వైపు తిరిగింది.

"అక్కడా పడుంటాది," అంది. "రేపు పూస్తాయి."

నేను మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని అంతా చెప్పేశాను. మా ఆయన పాదం, పప్పన్నం, అత్త అన్న మాట, కోడిపిల్లలు. ఆగలేక ఇంకొకటి కూడా చెప్పాను. "నువ్వు ఎలిపోతే నాతో మాటాడీవోళ్ళు ఉండరని కూడా అనిపించీది అప్పా. పుండు మాన్లేదని డాక్టరు బాబు అన్నప్పుడు, ఒక్క చణం, నాకు..." ఆ మాట పూర్తి చెయ్యలేదు.

వాన ఆగాక ఆవిడ నా వైపు తిరిగింది.

"డాక్టరు బాబుకి సెప్తే నీ కొలువు పోను," అంది చివరికి. "అందుకే సెప్పలేదు. అలాగని కోపం లేదనుకోకు. ఉంది. సచ్చీదాకా ఉంటాది."

"ఉండనీ అప్పా."

"ఇంకో మాట. ఆ కత్తి ఎక్కడ పడి ఉండీది?"

"సెరుకు తోటలో. మట్టిలో, పేడలో."

"రంగంలో మిల్లులో దవడలు బిగిసిపోయి సచ్చినోళ్ళని నేను సూసేను. ఇనప రేకు గీరుకుని ఒకడు, మేకు దిగి ఒకడు. ఆళ్ళెవులూ ఆ పూట పప్పు తిన్లేదు." కాస్త ఆగి, నా తల మీద చెయ్యి వేసింది. "నీ మొగుడు కత్తికి సచ్చేడే గుంటా. నీ సేతి పప్పుకి కాదు."

వైశాఖంలో పుండు పూర్తిగా మానిపోయింది. మేనల్లుడు బండి తెచ్చాడు. పొందూరు బట్ట మడత విప్పకుండా పెట్టెలోనే ఉంది. బెల్లం వార్డులో పంచిపెట్టింది. బండి ఎక్కేటప్పుడు మోచెయ్యి పట్టుకున్నాను. "మూడు మెట్లు లేవులే," అంది. మాటిన్ ఏ ఊరు వెళ్ళిందో మళ్ళీ ఉత్తరం రాలేదని తర్వాత తెలిసింది. పారమ్మ రంగం వెళ్ళనే లేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ పని చేశాను. ఏ రోగికి ఎవరు క్యారేజి తెచ్చినా మూత తీసి చూసేదాన్ని. పప్పు లేకపోతే ఎందుకు లేదని అడిగేదాన్ని. తిట్టేదాన్ని కాదు. పత్యం పేరు చెప్పి పప్పు దాచే ప్రతి మనిషి వెనకా ఎవరిదో ఒక చావు ఉంటుంది. ముందు దాన్ని చెప్పించాలి. అప్పుడే గరిటె కదులుతుంది.

బండి కనుమరుగయ్యాక ఆ రోజు నేను ఇంటికి పోయాను. కోడిపిల్లలు కాళ్ళకు అడ్డం పడుతుంటే పొయ్యి వెలిగించి, పిడికెడు పప్పు ఒక్కదానికే వండుకున్నాను. అన్నంలో కలిపి మొదటి ముద్ద చేతిలో చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత తిన్నాను.