ఐదో మేకు

దుబాయిలో స్వెట్టర్ వేసుకుని పనిచేస్తున్నానని ఫోన్లో చెబితే మా అమ్మ నమ్మలేదు. "తాగినవా ఏందిరా?" అని అడిగింది. మాది జగిత్యాల దిక్కు. మా ఊళ్లో బహ్రెయిన్ అని ఎవరూ అనరు, సముద్రం దాటితే అంతా దుబాయే. తాగలేదమ్మా, ఐసు మైదానంలో పని దొరికిందని చెప్పాను.  "మరి చెవులకు రుమాలు కట్టుకో," అంది.

అంతకుముందు హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ఉండేవాణ్ణి. ఎండాకాలం అక్కడ ఇనుప రేకు మీద చెయ్యి ఆనిస్తే తోలు ఊడివచ్చేది. ఆ కొలిమిలోంచి మీనా సల్మాన్ గోదాముల అవతల ఉన్న ఈ ఐస్ హాకీ మైదానానికి మారాను. బల్బులు మార్చడం, తలుపులు బాగుచేయడం, మేకులు కొట్టడం నా డ్యూటీ. ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించే జట్టు అక్కడ ఉంది. కాళ్లకు కత్తుల బూట్లు కట్టుకుని, వంకర కర్రలు పట్టుకుని, నల్లటి రబ్బరు బిళ్ళ కోసం కుమ్ముకునే ఆట అది. ఆట మొదటి రోజే కొంత అర్థమైంది. అర్థం కానిది గోడ మీది ఫోటోల సంగతి.

ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది నుంచి ఐసు దగ్గరికి ఒక నడవ ఉంది. ఆ నడవ గోడకు, తలెత్తి చూడాల్సినంత ఎత్తున, నాలుగు ఫోటోలు. నలుగురూ తెల్లవాళ్లే. మొదటాయనకు గుబురు మీసాలు. రెండో ఆయన మెడలో ఈల. మూడో ఆయన ఎవరి మీదో కోపంగా నుదురు ముడిచి చూస్తున్నాడు. నాలుగో ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఒక్కొక్క ఫోటో కింద పేరు, 'హెడ్ కోచ్' అని, దాని కింద రెండు సంవత్సరాలు, మధ్యలో ఒక గీత.

ఒక్క మనిషి ఫోటో, అంత ఎత్తున, కింద రెండు సంవత్సరాలతో గోడకు ఉందంటే మా ఇళ్లల్లో దానికి ఒకటే అర్థం. మా ఇంట్లో మా అన్న ఫోటో అట్లాగే ఉంటుంది. వాడు నాకంటే ముందు దుబాయి పోయాడు. పెట్టెలో తిరిగివచ్చాడు. ఆ ఫోటోకు మేకు కొట్టింది నేనే.

అందుకని ఆ నలుగురూ పోయారనే అనుకున్నాను. కింద ఉన్నవి పుట్టిన సంవత్సరాలు కావని తెలుస్తూనే ఉంది, మధ్యలో రెండేళ్లో మూడేళ్లో తేడా అంతే. డ్యూటీలో చేరిన ఏడు, పోయిన ఏడు రాశారని సర్దిచెప్పుకున్నాను. ఇక్కడ మన పుట్టుకతో ఎవరికేం పని? పాపం, ఐసు మీద జారి తలకాయలు పగిలి ఉంటాయి. జీతం బాగుండవచ్చు గానీ ఈ హెడ్ కోచ్ నౌకరీ నాకొద్దురా బాబూ అనుకున్నాను, నాకెవరో ఇస్తానన్నట్టు!

నడవ తుడిచి, జట్టు బట్టలు ఉతికే అక్క ఒకామె ఉంది. కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డు ఊరు ఆమెది. ఆమెను అడిగాను.

"అక్కా, గీళ్లంతా ఎట్ల సచ్చిపోయిన్రు?"

"ఏమో తమ్ముడూ, నేనొచ్చేటప్పటికే పోయారు. పోయినోళ్ల గురించి ఎవర్నడుగుతాం చెప్పు? బాగోదు కదా. నేనైతే ఏదో నా చేతనైంది చేత్తన్నాను."

ఆమె చేతనైంది ఏమిటో అప్పుడు సరిగ్గా చూశాను. ప్రతి ఫోటో అద్దం మీద, నుదురున్న చోట గంధం బొట్టు. శుక్రవారం సెలవునాడు మనామా పాత బజారుకు పోయి బంతిపూల దండ తెచ్చి, నాలుగు ముక్కలు చేసి శనివారం పొద్దున్నే వేస్తుంది. మా ముదీర్, అంటే మేనేజరు, ఒకసారి ఆగి చూసి ఇండియావాళ్లు గోడ అలంకరించారనుకుని "జైన్, జైన్," అని మెచ్చుకుని వెళ్లాడట. ఇక అడ్డేముంది? ఆమెకు నిచ్చెన పట్టుకునే పని నాకు వచ్చింది.

నిచ్చెన పట్టుకున్నప్పుడే చూశాను. నాలుగో ఫోటో పక్కన, అదే వరసలో, ఇంకో మేకు ఉంది. ఖాళీది. చూసినప్పుడల్లా దాని మీంచి చూపు తిప్పుకునేవాణ్ణి.

ఎందుకంటే అప్పటికి ఐదో హెడ్ కోచ్ పనిలో ఉన్నాడు. ఈయన తెల్లవాడు కాదు. అరాద్ మనిషి, అచ్చంగా ఇక్కడివాడు, ఇదే జట్టులో ఆడి కోచ్ అయినవాడు. మాతో హిందీలోనే మాట్లాడేవాడు. చాయ్ తాగాలంటే ఆఫీసులోకి పోడు, మా సామాను గదిలోకి వచ్చి బకెట్ బోర్లించుకుని కూర్చుంటాడు. నేను వణకడం చూసి తన పాత కోటు ఇచ్చాడు. మేం కూలీలం ఉండే క్యాంపులో ఆ కోటును అందరూ వేసుకుని ఫోటోలు దిగారు. నాకాయనంటే ప్రాణం. చెప్పడానికి సిగ్గేం లేదు.

అటువంటి మనిషి రోజూ ఆ మేకు కింద నుంచే ఐసు మీదికి పోతుంటే ఎట్లా ఉంటుంది? ఆయన నడిచే దారిలో నీటిచుక్క లేకుండా తుడిచేవాణ్ణి, రబ్బరు చాపలు ముడత పడకుండా సర్దేవాణ్ణి. ఆయన ఐసు మీద గిర్రున తిరిగితే ఆ చలిలో నాకు చెమటలు పట్టేవి. "ఏం భాయ్, మా అమ్మలాగా చూస్తున్నావు?" అని నవ్వేవాడు. ఏం చెప్పను నా తలకాయ!

ఆ సీజన్లో మా దగ్గర జరిగే ఆఖరి మ్యాచ్‌కు ముందురోజు, పక్క దేశం జట్టు ప్రాక్టీసుకు వచ్చింది. నేను నడవ చివర తలుపు బందు బిగిస్తున్నాను. అక్క తుడుస్తోంది. ఒక్కసారిగా బకెట్ ధన్‌మని పడింది, నీళ్లు నా కాళ్ల దాకా వచ్చాయి.

"ఓరి నాయనోయ్! తమ్ముడూ! లేచొచ్చాడ్రోయ్!"

మూడో ఫోటో కింద మూడో ఫోటోలోని మనిషి నిలబడి ఉన్నాడు. అదే ముడిచిన నుదురు, కాకపోతే జుట్టు కొంచెం పలచబడింది. ఆయన చెయ్యెత్తి, తన ఫోటో నుంచి వేలాడుతున్న బంతిపూలను వేలితో తాకి చూస్తున్నాడు. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఎక్కడ పడిందో నాకు తెలియదు.

అరుపు విని, మైదానాన్ని నున్నగా చేసే ఐసు బండి నడిపే పాకిస్తానీ భాయ్, వెనకాలే మా కోచ్ పరుగెత్తుకొచ్చారు. ఏమైందని భాయ్ అడిగితే నాకు అబద్ధం కూడా తోచలేదు. ఉన్నది ఉన్నట్టు హిందీలో చెప్పేశాను. భాయ్ గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు, నవ్వు ఆపలేక. మా కోచ్ కళ్లు తుడుచుకుంటూ ఆ ఫోటో ఆయనకు ఇంగ్లీషులో వివరించాడు. ఇప్పుడాయన ఆ పక్క దేశం జట్టుకు కోచ్ అట. ఆ ముడిచిన నుదురు విప్పుకోవడం అప్పుడు చూశాను. ఆయనేదో అన్నాడు. మా కోచ్ మాకు హిందీలో చెప్పాడు.

"ఇక్కడ పనిచేసినన్నాళ్లు గొంతు చించుకుంటే ఒక్కరు ఒక్క పువ్వు ఇవ్వలేదట. చచ్చాక వారం వారం దండలా, ఈ సంగతి ముందే చెబితే ఎప్పుడో చచ్చేవాణ్ణి అంటున్నాడు."

అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "మరి ఆ ముగ్గురో?" అని నాచేత అడిగించింది. ముగ్గురూ నిక్షేపంగా ఉన్నారట. మీసాలాయన తమ దేశంలో కుక్కల్ని పెంచుకుంటున్నాడు, ఈల ఆయన బడిలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు, నవ్వే ఆయన ఇళ్లు అమ్మిపెడుతున్నాడు. వీళ్లకేనా మేం గంధం పెట్టింది!

అందరూ పోయాక మా కోచ్ ఒక్కడే ఆగాడు. "మీరు మరీ తప్పుగా అనుకోలేదు భాయ్. ఇక్కడ కోచ్‌ను తీసేసిన రోజే ఫోటో గోడకెక్కుతుంది," అన్నాడు. తర్వాత ఐదో మేకు వైపు చూశాడు. "రేపు ఓడిపోతే నాది. ముదీర్ చెప్పేశాడు."

నాకప్పటిదాకా ఉన్న నవ్వంతా ఎటో పోయింది.

ఆ మధ్యాహ్నమే ఒక పార్సెల్ వచ్చింది. సామాను విప్పి సర్దేది నేనే కాబట్టి విప్పాను. లోపల మా కోచ్ ఫోటో. మెరిసే ఫ్రేము, కింద చేరిన ఏడు, గీత, గీత అవతల ఈ ఏడు. మ్యాచ్ ఇంకా ఆడనే లేదు! బతికి, ఆడి, నవ్వి, ఇంతకుముందే నా పక్కన నిలబడ్డ మనిషికి ఆఖరి ఏడు అచ్చేయించి ఫ్రేము కట్టించారు. ఒళ్లు మండిపోయింది. అది ఉద్యోగం సంగతేనని ఇప్పుడు తెలుసు. తెలిస్తే మాత్రం? నా కళ్లకు మా అన్న ఫోటోనే కనబడింది.

అక్కకు చూపించాను. "ఇదేం పాడు బుద్ధండీ ఈళ్లది! మడిసి తిరుగుతుండగానే! పీకెయ్ తమ్ముడూ ఆ మేకు, ఏదైతే అదవుద్ది," అంది.

ఈసారి నిచ్చెన ఆమె పట్టుకుంది. మేకు పీకి, కన్నంలో లప్పం నింపి, పైన రంగు వేశాను. అక్కడ మేకు ఉండేదని ఎవరికీ అనుమానం రానంత నున్నగా వచ్చింది. ఫోటోను సామాను గదిలో గోడవైపు తిప్పి పెట్టాను.

మర్నాడు శుక్రవారం, సాయంత్రం మ్యాచ్. ఎప్పుడూ సగం ఖాళీగా ఉండే బెంచీలు నిండాయి. అరాద్ నుంచి, ముహర్రక్ నుంచి అమ్మలు, మేనమామలు, పిల్లలు వచ్చారు. ఎందుకంటే ఐసు మీద వాళ్ల పిల్లలున్నారు. పాత కోచ్‌లు బయటి దేశాల ఆటగాళ్లను పట్టుకొచ్చేవారట. ఈయన మాత్రం ఇక్కడి కుర్రాళ్లను ఎంచుకుని నిలబెట్టాడు. నేను, అక్క, భాయ్ ఐసు బండి పక్కన నిలబడి గొంతులు పోయేలా అరిచాం. నేను తెలుగులో ఏమేం తిట్టానో రిఫరీకి అర్థం కాలేదు, అది నా అదృష్టం. రెండు గోల్స్ వెనకబడ్డాం, ఒకటి కొట్టాం. చివర్లో మనవాడు కొట్టిన బిళ్ళ గోల్ కడ్డీకి ఠంగున తగిలి ఇవతలికి వచ్చేసింది. అంతే. ఓడిపోయాం.

ముదీర్ నడవలోకి వచ్చాడు. మా కోచ్ గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓడినవాళ్లు, గెలిచినవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. "యల్లా, ఆ ఫోటో పెట్టు," అన్నాడు ముదీర్ నాతో. తెచ్చాను. ఆయన గోడ వైపు చూశాడు.

"మేకు ఏది?"

"పీకిన."

"మళ్లీ కొట్టు."

నా చేతుల్లో ఫోటో ఉంది. నన్ను పెట్టుకున్న యజమాని, కఫీల్‌కు కోపం వస్తే నా వీసా సంగతేమిటో నాకు తెలియకపోలేదు. ఊళ్లో అమ్మ కూడా గుర్తొచ్చింది. అయినా నోరు ఆగలేదు. భాయ్ వైపు చూసి, ముదీర్‌కు చెప్పమని, నాకొచ్చిన హిందీలో చెప్పాను.

"బతికున్న మనిషిని గోడకు నేను కొట్ట. ఒక్కసారి మా అన్నకు కొట్టిన. గంతే, ఇంక నాతోని కాదు. వేరేటోళ్లతోని కొట్టిచ్చుకోమను."

భాయ్ మెల్లగా, అన్న సంగతితో సహా, అంతా చెప్పాడు.  అక్క వచ్చి నా పక్కన నిలబడింది. అప్పుడు ఆ మూడో ఆయన ముందుకొచ్చాడు. తెరిచిన తలుపులోంచి, బెంచీల మీద ఇంకా లేవకుండా కూర్చున్న జనాన్ని ముదీర్‌కు చూపించాడు. తన కాలంలో ఇక్కడ తాను అరిచిన అరుపు తనకే తిరిగి వినబడేదని, ఈ జట్టుకు ఇంత జనం రావడం ఎన్నడూ చూడలేదని అన్నాడు. తన మాట అయ్యాక పక్కకు జరిగాడు.

ముదీర్ చెడ్డవాడేం కాదు. ఆయన నా మొహం చూశాడు, ఫోటో చూశాడు, బెంచీల మీద జనాన్ని చూశాడు. నున్నటి గోడను ఒకసారి అరచేత్తో నిమిరాడు.

"ఖలాస్," అన్నాడు. "ఈ రోజు వద్దు. బుక్రా."

బుక్రా అంటే రేపు. ఈ దేశంలో ఆ మాట విన్నవాళ్లకు అది తొందరగా వచ్చే రేపు కాదని తెలుసు. మా కోచ్ కట్టుకున్న చేతులు వదిలి గోడకు తల ఆనించాడు. అక్క లోపలికి పరుగెత్తి, బకెట్లో తడిగుడ్డలో చుట్టిపెట్టిన బంతిపూల దండ తెచ్చింది. నాలుగు ముక్కలు చేయలేదు. మొత్తం దండ ఆయన మెడలో వేసింది.

"పూలు మడిసికెయ్యాలయ్యా," అంది. ఆయనకు తెలుగు రాదు. అయినా తలవంచి వేయించుకున్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, నావి కూడా.

తర్వాత ఇంకో సీజన్ ఆడాం. ఇప్పుడు మరొకటి నడుస్తోంది. కోచ్ ఆయనే. చాయ్‌కి వచ్చినప్పుడల్లా బకెట్ మీద కూర్చుని, గోడవైపు తిరిగి ఉన్న తన ఫోటో వెనక చెక్కను చూసి, "ఏం భాయ్, రేపేనా?" అని అడుగుతాడు.

"ఔ సార్, రేపే," అంటాను.