అన్న అనే మాటకు తర్జుమా

బెత్సీ మేడం పుట్టింది మెదక్‌లో అయినా మనిషి మాత్రం పూర్తిగా నాంపల్లి. స్టేషన్ రోడ్డులో మేడమీద ఒక గది. విదేశాలకు పోయేవాళ్ల తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి సంతకం పెట్టడం ఆమె పని. తానెన్నడూ ముంబయి దాటలేదు గానీ, ఏ దేశం ఎవరిని ఏ తలుపులోంచి రానిస్తుందో తెలుసుకోవడమంటే ఆమెకు నవల చదివినంత ఇష్టం.

ఆ రోజు విజయ వచ్చింది. లక్డీకాపూల్‌లో ఒక దవాఖానలో నర్సు. అమెరికా పౌరుడైన అన్న మహీధర్, చెల్లెలిని అక్కడికి రప్పించుకోవడానికి దరఖాస్తు పెడతానన్నాడట. ఊళ్లో రాయించుకొచ్చిన అఫిడవిట్టులో ‘వీరిద్దరూ అన్నాచెల్లెళ్లు’ అని ఉంది.

బెత్సీ కలం ఆగింది. "ఒక్క తల్లి బిడ్డలేనా?"

"కాదు మేడం, మా పెద్దబాపు కొడుకు. మా బాపు సొంత అన్న కొడుకు. ఏంది, అన్న కాదా?"

"మనకు అన్ననే. వాళ్ల చట్టానికి కాదు."

చుట్టరికం తలుపులోంచి పోయేది భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తోడబుట్టినవాళ్లు మాత్రమేనని చెప్పింది. ఇంకో తలుపు పనిది. మరొకటి ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్లది. దేన్లోంచి పోయినా సక్రమంగా పోతే కొలువుంటుంది, పిల్లల చదువుంటుంది, కొన్నేళ్లకు పౌరసత్వమూ అడగొచ్చు. పోలీసును చూసి సందులోకి తప్పుకోనక్కర్లేదు.

"నన్ను పసిపిల్లప్పటి సంది పెద్దబాపే సాదిండు గదా."

బెత్సీకి ఆశ పుట్టింది. "దత్తత కాగితం రాసుకున్నడా? చిన్నప్పుడే రాసుకుంటే చెల్లెలి కిందికే వస్తవేమో."

విజయ వింతగా చూసింది. "ఇంటి పిల్లను ఎవరన్న రాసుకుంటరా మేడం?"

పరాయి పిల్లను రాయించుకుంటే లెక్కలోకి వస్తుంది. రాయించుకోవాలన్న ఊహే రానంత సొంతమైతే రాదు. బెత్సీకి అన్యాయమనిపించలేదు, చోద్యమనిపించింది.

"బ్రదర్ అనే రాయున్రి మేడం. గాడ ఎవరికి తెలుస్తది?"

"తెలిస్తే నర్సుగా పోయే తలుపు కూడా మూస్కుంటది. పని తలుపు ముందు వరుస పొడుగే గానీ, గాడ ఎవరి చెల్లెలివని అడగరు."

విజయ అఫిడవిట్టును మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత మహీధర్‌కు ఫోను కలిపి స్పీకరులో పెట్టింది. "అన్నా, నువ్వు నాకు అన్నవు కాదంట. అమెరికా నర్సు పరీక్ష రాసి నా తిప్పలు నేనే పడ్త."

"మరి నేనేమైతనంట?"

"కజిన్," అంది బెత్సీ.

"అంటే ఏంది, బావనా?"

"థూ, ఫోన్ పెట్టెయ్ అన్నా," అని విజయ నవ్వింది.

నర్సింగు సర్టిఫికెట్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. బెత్సీకి పనేమీ మిగల్లేదు. అయినా రెండు చాయ్‌లు చెప్పి, ఆ పరీక్షలో ఏమేం అడుగుతారో చెప్పమని కుర్చీ దగ్గరకు జరుపుకుంది.