దొంగలోపం

వంతెన దగ్గరి రేకుల షెడ్డులో మేస్త్రికి ఓ వింత అలవాటు ఉండేది. వారానికోసారి పిల్లలకంటే ముందే వచ్చి, బాగున్న సైకిలొకటి పట్టుకుని కావాలని చెడగొట్టేవాడు. బ్రేకు రబ్బరు తిరగేసి పెట్టేవాడు, లేదంటే సీటు కింద బోల్టు సడలించేవాడు. పిల్లలొచ్చాక "వెతకండ్రా" అనేవాడు. కనిపెట్టినవాళ్లకి ఆ రోజు చీపురు పట్టే పని తప్పేది. పిల్లలు దీనికి దొంగలోపం అని పేరు పెట్టుకున్నారు. దొంగతనం విషయంలో వాళ్ల మాటకి తిరుగులేదు. వాళ్లలో బడి గెంటేసినవాళ్లున్నారు, ఠాణా మెట్లు ఎక్కి దిగినవాళ్లున్నారు, ఇంట్లో అరుపులు భరించలేక వీధిన పడ్డవాళ్లున్నారు. పేట సంఘం వాళ్లందర్నీ మేస్త్రి చేతిలో పెట్టింది. ఎవరో వదిలించుకున్న పాత సైకిళ్లు అక్కడికొస్తాయి. విప్పాలి, కడగాలి, బిగించాలి. చివరికి ఎవరు బిగించిన సైకిలు వాళ్లదే.

సైకిలంత తిక్క యంత్రం ఇంకోటి లేదు. ఆపితే పడిపోతుంది, నడిపితే నిలబడుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుని వేదాంత గ్రంథాలు రాసేయొచ్చు. కాలు నిలవని తిరుగుబోతులు దీన్నే అడ్డం పెట్టుకుని ఊళ్లు పట్టి తిరిగేస్తుంటారు కూడా. మేస్త్రికి అవేవీ ఎక్కవు. ఆయనకి తెలిసిన శాస్త్రమంతా గోడ మీద తారుతో రాసుంది: ముందుచక్రం వదులుగా బయటికి పంపినవాడు మళ్లీ ఈ గడప తొక్కకూడదు. వెనకచక్రం వదులైతే బండి ఆగుతుంది, ముందుచక్రం వదులైతే మనిషే ఆగిపోతాడు అనేవాడు. ఆ మాట దగ్గర మాత్రం నవ్వేవాడు కాదు.

ఆ రోజు షెడ్డులో ఆకుపచ్చ సైకిళ్లు రెండున్నాయి. ఒకటి పిడుగుది. పిడుగంటే ఆ గుంపులో పెద్దపిల్ల; నోరు అలాంటిది కాబట్టి ఆ పేరు. ఆ సైకిలు మీదే ఆ పొద్దున రొట్టెల బట్టీలో పనికి చేరాలి. వంతెనెక్కి అవతలికి దిగాలి.

పిడుగొచ్చింది, ఒక ఆకుపచ్చ సైకిలు తీసుకుంది, "వస్తా మేస్త్రీ, మాడిపోయిన రొట్టెలన్నీ మీకే!" అంటూ పోయింది. మిగిలిన ఆకుపచ్చ సైకిలు చుట్టూ పిల్లలు మూగారు.

మూలమూలలా వెతికారు. తాళంచెవి అనే కుర్రాడు చేతులు దులుపుకుని లేచాడు. ఒకప్పుడు వాడు విప్పని తాళం లేదు.

"మేస్త్రీ, ఇందులో లోపమే లేదు."

"కళ్లు పెట్టి చూడరా."

"అన్నీ పెట్టే చూశాం. మీరు మర్చిపోయుంటారు. వయసైపోయింది కదా!" అంది అందరిలోకీ చిన్నదైన బుడ్డిది. అందరూ గొల్లున నవ్వారు.

మేస్త్రి నవ్వుతూనే వంగి ముందుచక్రం నట్టు మీద వేలు పెట్టాడు. కదల్లేదు. రెండోవైపు పెట్టాడు. అదీ బిగుతే. పొద్దున తన చేత్తో సడలించిన నట్లు! పిడుగు సైకిలుని ఆయన గంట చూసి గుర్తుపట్టేవాడు. ఆ గంట మెరుగుపెడతానని పిల్ల ముందురోజు ఊడదీసి ఇంటికి పట్టుకెళ్లింది. పొద్దున మొదట చేతికందిన దానికి గంట లేకపోయేసరికి, అది రెండో సైకిలనుకుని నట్లు సడలించేశాడు.

చేతిలో పానాతో అలాగే పరిగెత్తాడు. చెప్పులెక్కడ పోయాయో తెలీదు. జోడెద్దుల్లాంటి లారీలు రెండు అడ్డమొస్తే వాటి మధ్య నుంచే దూరాడు. వంతెన దిగుడు, ఊగే చక్రం, ఆ పిల్ల తెస్తానన్న మాడిన రొట్టెలు. బుర్రలో ఇంకేం లేవు.

వంతెన మొదట్లోనే ఎదురైంది. సైకిలు ముందుభాగం భుజాన వేసుకుని నడిచొస్తోంది. ఊడిన చక్రం ఇంకో చేతిలో ఉంది. అరచెయ్యి దోక్కుపోయింది.

"ఎక్కుడులోనే ఊడింది మేస్త్రీ. దిగుడులో అయితే..." అని ఆగింది. తర్వాత గొంతు తగ్గించింది. "పిల్లలెవరో చేసుంటారు. తెలీక చేసుంటారు. వెళ్లగొట్టకండి, మీకు దండం పెడతా."

మేస్త్రి సైకిలుని తన భుజానికి మార్చుకున్నాడు. ఇద్దరూ షెడ్డుకొచ్చారు. ఆ చెయ్యి, ఆ చక్రం చూసి పిల్లలు కొయ్యబారిపోయారు. ఆయన నోరు తెరవకముందే తాళంచెవి ముందుకొచ్చి తల దించుకున్నాడు.

"నేనే మేస్త్రీ."

"వాడు కాదు, నేను!" అంది బుడ్డిది.

ఇద్దరూ ఆ సైకిలు ముట్టుకోనైనా లేదు. మేస్త్రి వాళ్లకేసి తిరిగాడు. "మీరెందుకు చేస్తార్రా?"

"త్వరగా ఒప్పుకుంటే తన్నులు త్వరగా అయిపోతాయి కదా," అన్నాడు తాళంచెవి, రోజూ చెప్పే మాటలాగే.

కంచే చేను మేసింది, చేను తప్పు నాదంటోంది. మేస్త్రి చక్రాన్ని పిడుగు చేతిలోంచి తీసుకున్నాడు.

"నేను చేశాను. నేనే. పొరపాటున ఈ పిల్ల సైకిలు విప్పాను."

దెబ్బలకి బెదరని పిల్లలు ఆ మాటకి బిత్తరపోయారు. తప్పు నాదన్న పెద్దమనిషిని వాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు. మేస్త్రి గోడ మీది అక్షరాలకేసి ఒకసారి చూశాడు. తాళాలగుత్తి బల్ల మీద పెట్టి, గడప దాటి, వీధిలో నిలబడ్డాడు.

ఎవరూ వెనక్కి పిలవలేదు. లోపల గుసగుసలు, తర్వాత ఇనుము ఈడుస్తున్న చప్పుడు. పిడుగు తన సైకిలుని తలకిందులు చేసి గడప మీదికి లాక్కొచ్చింది. ముందుభాగం వీధిలోకి, వెనకచక్రం షెడ్డులోకి.

"గోడ మాట గోడ మాటే. మీరు లోపలికి రాకూడదు. చక్రమే మీ దగ్గరికొచ్చింది, బిగించండి."

బిగించాడు. ఆ పిల్ల వంగి, దోక్కుపోయిన చేత్తోనే నట్టు పరీక్షించింది.

"ఇంకాస్త."

ఇంకాస్త తిప్పాడు. పిడుగు సైకిలెక్కి రొట్టెల బట్టీకి పోయింది. ఆలస్యమైనందుకు అక్కడ తిట్లు తింది, పని మాత్రం నిలబెట్టుకుంది.

ఆ షెడ్డుకిప్పుడు ఎవరెళ్లినా మేస్త్రి బయటే కనిపిస్తాడు, గడపకివతల ముక్కాలిపీట మీద. వానొస్తే పిల్లలు ఆయన నెత్తిన రేకొకటి పడతారు. లోపలికి రమ్మని మాత్రం అనరు.