నల్లపిల్ల మెడలోని తూటా

మొన్న మిర్యాలగూడల మా బిడ్డ ఇంటికి పోయినప్పుడు పొద్దటి పేపర్ల ఒక వార్త కనబడ్డది. నలబైకి దగ్గరపడ్డంక నేర్చిన చదువు కాబట్టి నేను ఇప్పటికీ వేలు పెట్టి కూడబలుక్కునే చదువుత, ఒక్క వార్త అయ్యేసరికి చాయ చల్లారిపోతది. కాల్చినకాడ దొరికిన ఖాళీ తూటాను మిషన్ల పెడితె అది ఏ తుపాకిదో చిటికెల చెప్తదట, నేరం చేసినోడు ఇగ తప్పించుకోలేడట. మా అల్లుడు సంబురపడ్డడు. ఆ మిషన్ చెప్పేది సగం ముచ్చటే అన్న నేను. ముసల్ది తెల్వక మాట్లాడుతున్నదనుకున్నరు. తెలిసే మాట్లాడిన.

మాది తిరుమలగిరి దిక్కు మెట్ట ఊరు, గొర్ల మంద మీద బతికిన ఇల్లు. అప్పుడు ఇన్ని బోర్లు లేవు, ఇంత పత్తీ లేదు. గుట్టల పొంటి గడ్డి ఉండేది, గడ్డితోపాటు తోడేళ్లూ ఉండేవి, అందుకని మా అన్నకు లైసెన్సు తుపాకి ఒకటి ఉండేది. తూటాను పేల్చే దాని సూది జర వంకర, తూటా అడుగున నడిమిట్ల గుద్దకుండ ఓ పక్కకు గుద్దేది. పేలినంక మిగిలిన ఇత్తడి గొట్టాన్ని మేం పారేసేటోళ్లం కాదు. సీలతోటి పక్కలకు రెండు బొక్కలు పొడిచి, దారం ఎక్కించి, లోపల ఇనుప ముక్క వేలాడదీసి, గంట లెక్క గొర్రెపిల్లల మెడకు కట్టేది నా పని. ఆ సన్నటి చప్పుడు మళ్ల ఏ గంటలనూ నేను వినలే.

ఒక ఏడు మా ఊరి ఆసామి ఒకాయనను ఆయన చేనుకాడ్నే ఎవరో కాల్చి చంపిన్రు. అంతకు వారం ముందు మా గొర్లు ఆయన చేన్ల పడితె ఆయనకూ మా అన్నకూ లొల్లి అయిన మాట నిజం. పీనుగు పక్కన ఖాళీ తూటా ఒకటి దొరికితె పోలీసులు దాన్ని పట్టుకొని మా ఇంటి ముందుకొచ్చి, ఇది ఎవరిదని అడిగిన్రు. గొర్లు కాసేటోళ్లకు ఒక అలవాటున్నది: తప్పిపోయిన పిల్లనో, జారిపోయిన గంటనో ఎవరన్న తెచ్చి చూపిస్తె వెంటనే మాదే అనాలె, ఆలోచిస్తె అది ఇంకొకరి మందల కలుస్తది. బొక్కలు చూసిన, నా చేతిపని నాకు తెలిసింది. మాదే, నల్లపిల్ల మెడలది, నెల కింద పోయిందని సంబురంగ చెప్పిన. ఒకాయన రాసుకున్నడు, వేలుముద్ర పెట్టమంటె పెట్టిన. ఆ పొద్దే మా అన్నను తీస్కపోయిన్రు.

ఆ కాయితంల ఏమున్నదో సూర్యాపేట కోర్టుల చదివినప్పుడు తెలిసింది. తూటా మా అన్న తుపాకిదేనని చెల్లెలే గుర్తుపట్టిందట. నల్లపిల్ల లేదు, నెల లేదు, బొక్కల ముచ్చటే లేదు. సూది గుద్దిన మచ్చ మా తుపాకితోటి కలిసిందని పరీక్ష చేసినోళ్లు గూడ రాసిన్రు, వాళ్లు రాసింది అబద్ధం కాదు. మా అన్నకు జీవితకాలం జైలు పడేటట్టున్నది, అదీ నా బొటనవేలితోటి.

నోరు మూసుకొని కూసొమ్మన్నడు మా వకీలు. కూసోలే. మళ్లొచ్చిన వాయిదాకు గొర్రెపిల్లను సంకన పెట్టుకొని బస్సెక్కిన. కోర్టు గడపకాడ బంట్రోతు అడ్డమొచ్చిండు.

"ఏందక్కా, మేకను అమ్మనీకి గిది అంగడనుకున్నవా?"

"మేకకూ గొర్రెకూ తేడా తెల్వదు గని, తూటా ఎవరిదో మాత్రం చెప్పొస్తది మీకు," అన్న.

జడ్జి సారు చెవిన పడ్డట్టుంది, రానియ్యమన్నడు. సర్కారు వకీలు కోదాడ దిక్కాయన, మాట మెత్తగ ఉండేది. "ఏమ్మా, అప్పుడు మాదేనని ఒప్పుకున్నావుగా, ఇప్పుడు కాదంటావా?" అన్నడు.

"ఇప్పుడు గూడ మాదే అంటున్న సారూ. అది ఏడికెల్లి వచ్చిందో అడుగుండ్రి. నెల కింద గొర్లు మేసంగ నల్లపిల్ల మెడలకెల్లి జారి ఆడ పడ్డట్టుంది."

పిల్ల మెడ మీది గొట్టం విప్పి బల్ల మీద పెట్టిన, దొరికిన దాన్ని పక్కన పెట్టి చూడమన్న. రెండిటికీ బొక్కల అంచులు దారం రాసుకొని నున్నగయినయి, లోపల మసి జాడ లేదు, ఇనుప ముక్క కొట్టుకొని కొట్టుకొని ఇత్తడి మెరుస్తున్నది. పీనుగు పక్కన దొరికింది చంపిననాడు పేలిన తూటా అయితె అదే దినం దొరికేలోపల ఇంత ఎట్ల అరిగిందని అడిగిన. సంకల గొర్రెపిల్ల అరిచింది. జడ్జి సారు రెండిటినీ చేతుల పట్టుకొని చానాసేపు చూసి, మళ్ల పరీక్షకు పంపమన్నడు. అది ఎన్నడో పేలిన పాత తూటా అని తేలి, కొన్ని నెలలకు మా అన్న ఇంటికొచ్చిండు. అసలు కాల్చినోడు ఎవరో ఇప్పటిదాక తేలలే. దొరికిన మనిషి సరిపోయిండని వెతుకుడే ఆపిన్రు, ఆ కోపం నాకు ఇంక పోలే.

ఆ ఎండకాలమే పలక కొనుక్కున్న. మా ఊరి పిల్లలు నవ్విన్రు, నవ్వుకోనిచ్చిన.

ఇప్పుడు ఆ గుట్టల పొంటి అంత పత్తే. మంద అమ్ముడుపోయింది, అన్న పోయిండు, మిగిలిన ఒక్క గొట్టాన్ని తాళంచెవులకు కట్టుకొని తిరుగుత. మిషన్లు వస్తె రానియ్యి, తుపాకి ఏదో అవి చెప్తయి. ఆ తూటా ఎవరి మెడల ఎన్ని దినాలు మోగిందో మాత్రం మనిషిని అడగాలె, చెప్పింది చెప్పినట్టు రాయాలె. మొన్న ఒక ఆఫీసుల, "వేలుముద్ర పెట్టు అవ్వా, జల్ది అయితది" అన్నడు ఒక పిలగాడు. చదివి సంతకం పెడ్త, ఆగు బిడ్డా అన్న. నా వేలు మెల్లగ అక్షరాల మీద నడుస్తుంటె వెనక లైనంత గొణిగింది. గొణగనియ్యి.